మున్షీని తీసేశారు, మెసేజ్ పెట్టారు



మా గల్లీ చివరింట్లో ఒక ఖాలా ఉంటుంది. మా అమ్మకు చెల్లెలేం కాదు, కానీ గల్లీ మొత్తానికీ ఖాలాయే. బేవా. తండ్రి వదిలిపోయిన ఇంట్లో తన హిస్సా కోసం అన్నదమ్ముల మీద దావా వేసి ఆరేళ్లయింది. పోయినేడు రంజాన్‌కు ముందు, బాకీ ఉన్న ఫీజు ఇచ్చేద్దామని వకీల్ సాబ్ దఫ్తర్‌కు పోయింది. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడు కేసు నంబరు కొట్టి చూసి, "అమ్మా, మీ కేసు అయిపోయింది" అన్నాడు.

ఖాలా మొహం వెలిగిపోయింది. "అల్‌హందులిల్లా! ఫైసలా వచ్చిందా బేటా?" అని అడిగింది.

ఫైసలా రాలేదు. ఏడు నెలల కింద కేసు కొట్టేశారు. ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు ఫైలు మారింది. కొత్త కోర్టులో రెండు వాయిదాలకు ఈమె తరఫున ఎవరూ హాజరు కాలేదు. అన్నదమ్ముల వకీలు మాత్రం వచ్చాడు. మూడో వాయిదా నాడు డిఫాల్ట్ కింద డిస్మిస్. వాయిదా తారీఖు మెసేజ్ పోయింది, నిజమే. అది పోయింది ఆమె కొడుకు నంబరుకు. కేసు వేసిన రోజు ఫారంలో ఆ నంబరే రాశారు. కొడుకు ఇప్పుడు జెద్దాలో ఉన్నాడు. ఇక్కడి సిమ్‌కు రీఛార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. అది అందినా ఏం లాభం? మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంది. ఖాలా అన్‌పఢ్ కాదు, రోజూ ఉర్దూ పేపర్ చదువుతుంది, తెలుగు బోర్డులు చదువుతుంది. ఇంగ్లిష్ రాదు, అంతే.

ఇందులో కసూర్ ఎవరిది? వకీలుకు తెలిస్తే నీకు తెలిసినట్టే అంటుంది ఖానూన్. యాప్‌లో వచ్చింది, జూనియర్ చూసుకోవాలి కదా అంటాడు వకీల్ సాబ్. ఆ జూనియర్ మానేసి అప్పటికే నాలుగు నెలలు. నేను పంపాను అంటుంది మెషీన్. అందరూ బేకసూర్. కసూర్‌వార్ ఖాలా ఒక్కతే.

ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ని, నాకు లఫ్జుల పిచ్చి, మాఫ్ చేయండి. అరబ్బీలో, ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసిన మనిషి. ఎవరి మీద వేశారో ఆ మనిషి ముద్దఆ అలైహ్. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చి ముద్దాయి అయింది, నేరం మోపబడినవాడి పేరైంది. నడిదారిలో పార్టీ మార్చిన లఫ్జ్ అది. మా ఖాలా గతి కూడా అట్లాగే అయింది. ముద్దయీగా కోర్టు మెట్లెక్కింది, ముద్దాయిగా నిలబడింది. ఇప్పుడు ఆమె రుజువు చేసుకోవాల్సింది తండ్రి ఇంట్లో హిస్సా కాదు, ఏడు నెలలు ఎందుకు రాలేదో. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9, రూల్ 9 కింద కేసును మళ్లీ తెరవమని అడగొచ్చు. కానీ దానికి గడువు 30 రోజులు. గడువు దాటినందుకు మాఫీ అడుగుతూ ఇంకో పిటిషన్ వేయాలి. ఇప్పుడు ఆ మాఫీ పిటిషన్ మీదే వాయిదాలు నడుస్తున్నాయి. వాయిదా అనే లఫ్జ్ కూడా వాదా నుంచి వచ్చిందే. వాదా అంటే మాట ఇవ్వడం. మన అదాలత్‌లు ఇచ్చిన మాటలన్నీ ఇట్లాగే వాయిదాలైపోయాయి.

ఇదంతా చెప్పి "చూశారా, టెక్నాలజీ ఎంత పని చేసిందో" అంటాననుకుంటున్నారా? ఆ మాట చాలామంది పెద్ద వకీళ్లు నాకంటే జోర్‌గా అంటున్నారు. ఈ-ఫైలింగ్ వద్దు, కాగితం ఉండాలి, పాత పద్ధతే బాగుంది అని. నా ఝగడా మెషీన్‌తో కాదు. ముందు ఈ పెద్దమనుషులతోనే.

పాత జమానా నాకు తెలుసు. మా మామూ మా జిల్లాలో ఒక వకీలు దగ్గర ముప్ఫై ఏండ్లు మున్షీగా చేశాడు. సైకిల్ వెనక ఎర్రబట్టలో చుట్టిన బస్తా, చెవి మీద పెన్ను. సాయంత్రం పూట ఊళ్లు తిరిగి "రేపు పేషీ ఉంది, పాత రసీదు పట్టుకొని పదింటికల్లా రా, మొన్నటిలాగ బస్సు పోగొట్టుకోకు" అని ఇంటింటికీ చెప్పి వచ్చేవాడు. ఎవరి బిడ్డ పెండ్లి ఏ రోజో, ఆ రోజు వాయిదా పడకుండా ఏ దరఖాస్తు పెట్టాలో ఆయనకు తెలుసు. ఖాలా లాంటోళ్లకు అదాలత్ అంటే జడ్జి సాబ్ కాదు, మా మామూయే.

అదే మామూ నకలు కోసం, ఫైలు బయటికి తీయించడం కోసం, తారీఖు దగ్గరగా వేయించడం కోసం మామూలు ఇచ్చేవాడు. ఆ పైసలు క్లయింటు జేబులోంచే తీసేవాడు. కొంత తన జేబులో కూడా మిగుల్చుకునేవాడు. నేనడిగితే దాచలేదు. "బేటా, వకీల్ సాబ్ ఇచ్చే తన్‌ఖాతో మీ ముమానీ దవా కూడా రాదు" అన్నాడు. మిసిళ్లు చెదలు పట్టేవి. నాలుగు పేజీల నకలు కోసం నెల తిరగాలి. ఏ కోర్టులో ఏ కేసు ఉందో తెలుసుకోవాలంటే ఒక మనిషి దయ కావాలి. ఆ జమానాను జన్నత్ అని చెబితే నేను ఒప్పుకోను. ఈ రోజు ఫోన్‌లో నంబరు కొట్టి ఎవడైనా తన కేసు ఎక్కడుందో చూసుకోవచ్చు. ఆర్డరు కాపీ పైసా మామూలు లేకుండా దిగుతుంది. ఇది చిన్న విషయం కాదు, గరీబుకు దొరికిన హక్కు. కాగితం మీద ప్రేమ అని చెప్పుకునే కొందరికి నిజంగా ప్రేమ ఉన్నది ఆ చీకటి మీద.

వీడియో విచారణ సంగతీ అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కోర్టులు మూతపడ్డప్పుడు స్క్రీన్ మీద వాదనలు మొదలయ్యాయి. అంతకు ముందు పాలమూరు వకీలు హైకోర్టులో పది నిమిషాలు నిలబడాలంటే తెల్లారకముందే బస్సెక్కి వంద కిలోమీటర్లు పోవాలి. చంటిబిడ్డ ఉన్న వకీలమ్మ అసలు పోలేదు. ఇప్పుడు వాళ్లు కూడా నిలబడుతున్నారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, వీడియో ద్వారా హాజరవుతామంటే ఏ హైకోర్టూ కాదనకూడదని చెప్పింది. మంచి ఫైసలా. ఇష్టం లేని బెంచీలు, బార్‌లు ఇంకా గునుస్తూనే ఉన్నాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఇటువైపు వాళ్ల దగ్గరికి వస్తాను. తరఖ్ఖీ అని చప్పట్లు కొట్టేవాళ్ల దగ్గరికి.

ఈ-కోర్ట్స్ పథకం 2007లో మొదలైంది. మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో రెండువేల కోట్లకు పైగా పాత రికార్డుల స్కానింగ్‌కే. ఏఐ లాంటి కొత్త టెక్నాలజీకి 53 కోట్లు. బాగుంది. ఈ లెక్కలో మున్షీ ఎక్కడున్నాడు? ఆయన చేసిన పనిని రెండు ముక్కలు చేశారు. ఫైలు మోయడం, తారీఖు రాసుకోవడం అనే ముక్కను మెషీన్‌కు ఇచ్చారు. ఖాలా ఇంటికి పోయి, ఆమె జబాన్‌లో, ఆమెకు అర్థమయ్యేదాకా చెప్పడం అనే ముక్కను ఎవరికీ ఇవ్వలేదు. నేలమీద పారేశారు. పారేసిన ఆ ముక్కే మా ఖాలా కేసు.

మెసేజ్ పంపడం వేరు, ఖబర్ అందడం వేరు. ఈ ఫర్క్ నేను కనిపెట్టింది కాదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు విచారణ, సమన్లు అన్నీ ఎలక్ట్రానిక్‌గా నడపొచ్చన్నాయి. అయినా విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎందుకు? ఆ నోటీసు అందకపోతే మనిషి ఆజాదీ పోతుంది కాబట్టి. మరి అందని మెసేజ్ వల్ల ఇల్లు పోతే? జైలుకు పోయేవాడి విషయంలో తెలిసిన ఫర్క్, ఇల్లు పోయే బేవా విషయంలో ఎందుకు తెలియదు?

మెషీన్ మాటే ఆఖరి మాట అయితే ఏమవుతుందో తెలంగాణ రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2020లో ధరణి వచ్చింది. అదే ఏడు కొత్త చట్టంతో రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. స్క్రీన్ మీద పేరు తప్పు పడ్డవాడికి తప్పు దిద్దే మనిషి కనబడలేదు. చివరికి 2025లో ధరణి స్థానంలో భూభారతి తేవాల్సి వచ్చింది. భూమి విషయంలో నేర్చిన సబఖ్ అదాలత్ విషయంలో మర్చిపోతే ఎట్లా?

ఇక ఆ మానేసిన జూనియర్ సంగతి. ఆ పిల్లను వెతికి పట్టుకుని మాట్లాడాను. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, లా చదివి, నల్లకోటు వేసుకున్న ఇంట్లో మొదటి మనిషి. నేను ఎవరి తరఫున వచ్చానో తెలిసి మొదట భయపడింది, తర్వాత చెప్పింది.

"అన్నా, నెలకు ఎనిమిది వేలు ఇచ్చేది సార్. పొద్దున కోర్టు, సాయంత్రం ఆఫీసు. ఇంతకుముందు రాత్రి ఎనిమిదింటికి తాళం పడేదట. ఇప్పుడు తాళమే లేదు. పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో రేపటి లిస్టు పెడతరు, పన్నెండింటికి డ్రాఫ్టు అడుగుతరు. మున్షీ తాతను తీసేసిన్రు, ఆయన పని కూడా నా ఫోన్‌లకే వచ్చింది. నాలుగు వందల కేసుల అలర్ట్‌లు. ఎన్నని చూడాలె?"

ఆ ఖాలా కేసు గుర్తుందా అంటే కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "నేను పోయేటప్పుడు లిస్టు రాసిచ్చిన అన్నా. ఎవరూ చదవలేదేమో" అంది.

దఫ్తర్‌లో కల్చర్ మారింది అంటారే, మారింది ఇదీ. టెక్నాలజీ పని తగ్గించింది అన్నది ఝూట్. నలుగురు చేసే పనిని ఒక్కరి ఫోన్‌లోకి దింపింది. దిగిన జీతాల్లో మిగిలింది ఎవరి జేబులోకి పోయిందో చెప్పనవసరం లేదు. జూనియర్లకు పట్నాల్లో నెలకు కనీసం 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసే, హుకుం కాదు. ఇన్సాఫ్ కోసం వాదించే వృత్తి తన సొంత ఇంట్లో మజ్దూరీ ఇవ్వడానికి సిఫారసు కావాల్సి వచ్చింది, అది కూడా అమలు కాదు. "మేమూ అట్లే కష్టపడి పైకొచ్చాం" అంటారు సీనియర్లు. మీరు కష్టపడ్డ రోజుల్లో రాత్రి పన్నెండింటికి మీ సీనియర్ మీ మంచం పక్కకు వచ్చి నిలబడేవాడా సార్? ఇప్పుడు నిలబడుతున్నాడు, ఫోన్‌లో.

కొంచెం వీలున్న పిల్లలు అసలు కోర్టు వైపే రావడం లేదు. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు గుంబద్‌ల నుంచి గంట ప్రయాణం చేసి హైటెక్ సిటీకి పోతే అక్కడ ఇంకో వకాలత్ ఉంది. విదేశీ కంపెనీల ఒప్పందాలు చదవడం, షరతులు సరిచూడడం, ఏసీ గదిలో నెల జీతం. పిల్లల్ని నేను తప్పు పట్టను. కానీ అక్కడా ఇప్పుడు మొదటి చదువు మెషీన్ చదువుతోంది. పది గంటల పని పది నిమిషాల్లో అవుతుంది. మంచిదే. మరి పాత కేసులు వెతకడం, ముసాయిదా రాసి కొట్టించుకోవడం, మళ్లీ రాయడం, ఆ గాడిద చాకిరీలోనే కదా వకీలు తయారయ్యేది. ఆ మెట్టు తీసేస్తే ఇరవై ఏండ్ల తర్వాత సీనియర్లు ఆస్మాన్ నుంచి ఊడిపడతారా? మెషీన్ రాసింది తప్పో ఒప్పో చెప్పగల మనిషి, ఒకప్పుడు తన చేత్తో రాసిన మనిషే.

తప్పు రాస్తుందా అంటారా? న్యూయార్క్‌లో 2023లో జరిగిన సంగతి లోకమంతా చదివింది. విమాన కంపెనీ మీద వేసిన ఒక కేసులో వకీళ్లు చాట్‌జీపీటీ ఇచ్చిన ఆరు తీర్పుల్ని కోర్టుకు చూపించారు. ఆ ఆరూ లేవు. పుట్టనే లేదు. ఇవి నిజమేనా అని వకీలు మళ్లీ ఆ మెషీన్‌నే అడిగాడు, నిజమే అంది. జడ్జి అయిదు వేల డాలర్లు జుర్మానా వేశాడు. మన దగ్గర అట్లా కాదులే అనుకోకండి. 2024 డిసెంబరులో బెంగళూరులో ఇన్‌కమ్ ట్యాక్స్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులోనే లేని తీర్పులు ఎక్కాయి. ఆ ఉత్తర్వును తర్వాత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ రాసింది వకీలు కూడా కాదు, ఫైసలా చెప్పే కుర్చీ.

మన బుజుర్గులు హదీస్ విషయంలో ఒక ఖాయిదా పెట్టారు. మాట ఎంత అందంగా ఉన్నా, ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే సనద్ లేకపోతే ఆ రివాయత్ జయీఫ్. ఒక్కో రావీ జిందగీ మొత్తం పరిశీలించి మరీ మాట తీసుకునేవాళ్లు. ఆ మెషీన్ అందంగా మాట్లాడుతుంది, సనద్ అడిగితే దానిని కూడా అందంగా కల్పిస్తుంది. కేరళ హైకోర్టు 2025 జూలైలో తన కింది కోర్టులకు ఒక పాలసీ ఇచ్చింది. ఫైసలా చేయడానికి, తీర్పు కారణాలు తేల్చడానికి ఏఐని వాడకూడదని, అనుమతించిన చిన్న పనుల్లో వాడినా మనిషి సరిచూడాలని. ఇట్లాంటి ఖాయిదా ప్రతి రాష్ట్రంలో కావాలి.

తర్జుమా విషయంలో మాత్రం నాకు ఆశ ఉంది, భయమూ ఉంది. రాజ్యాంగం 348వ ఆర్టికల్ ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు జబాన్ ఇంగ్లిష్. తన ఇల్లు ఎందుకు పోయిందో చదువుకోలేని మనిషికి ఆ తీర్పు ఎందుకు? ఇప్పుడు సుప్రీంకోర్టు సువాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో తీర్పుల్ని మన జబాన్‌లలోకి తెప్పిస్తోంది. దాన్ని నేను సలాం చేస్తాను. ఇదే నేల మీద ఒకప్పుడు కోర్టులు ఉర్దూలో నడిచాయి, 1918లో పుట్టిన ఉస్మానియాలో లా కూడా ఉర్దూలో చదివారు. అప్పుడు తెలుగు రైతుకు ఆ ఉర్దూ ఎంత దూరమో ఇప్పుడు మా ఖాలాకు ఇంగ్లిష్ అంత దూరం. ఆ మాట దాచుకుంటే నేను బేఇమాన్‌ని. ఏ హుకూమత్ వచ్చినా కోర్టు జబాన్ గరీబ్ జబాన్ కాలేదు. మెషీన్ ఆ దూరం తగ్గిస్తే అంతకన్నా ఏం కావాలి? కానీ తర్జుమాను ఒక మనిషి చూడాలి. పాత ఉర్దూ దస్తావేజులు చదివి పెట్టమని మా గల్లీవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. అందులో ముద్దయీ అని ఉన్నచోట శబ్దం చూసి ముద్దాయి అని రాసేస్తే, దావా వేసినవాడు దోషి అవుతాడు. ఒక్క అక్షరం, ఒక ఖాన్‌దాన్.

అడిగేవాళ్లు అడుగుతారు, మరి ఏం చేయమంటావు అని. నా డిమాండ్లు పెద్దవేం కాదు. వాయిదా మెసేజ్ తెలుగులో, ఉర్దూలో పోవాలి. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష కదా, అది బోర్డుల కోసమేనా? ఎవరి దావా అయినా డిఫాల్ట్ కింద కొట్టేసే ముందు ఆ మనిషికి స్వయంగా ఖబర్ అందిందని ఒక మనిషి సంతకంతో తేలాలి. కోర్టుల్లో ఈ-సేవా కేంద్రాలు పెడుతున్నారు, వాటిలో కూర్చోబెట్టడానికి రోడ్డున పడ్డ మున్షీలకంటే లాయఖ్ ఎవరు? వాళ్లకు కంప్యూటర్ నేర్పడం కష్టం కాదు. కంప్యూటర్ వచ్చినవాడికి ఖాలాతో మాట్లాడడం నేర్పడమే కష్టం. జూనియర్ జీతం సిఫారసు కాదు, షరతు కావాలి. మెషీన్‌తో రాయించిన పిటిషన్ మీద, ఇది మెషీన్‌తో రాయించాను, ప్రతి తీర్పునూ నేను చదివాను అని వకీలు సంతకం పెట్టాలి. జిమ్మేదారీ తీసుకోలేనివాడు ఫీజు కూడా తీసుకోకూడదు.

పైనా కింద కలిపి ఐదు కోట్లకు పైగా కేసులు పెండింగ్‌లో ఉన్న దేశం ఇది. ఆ లెక్క తగ్గాలని అందరికీ జల్దీ. మా ఖాలా కేసు కొట్టేసిన రోజు ఆ లెక్కలోంచి ఒకటి తగ్గే ఉంటుంది. స్క్రీన్ మీద అది డిస్పోజ్డ్. తరఖ్ఖీ లెక్కలో ఒక నంబరు పెరిగింది. ఇన్సాఫ్ లెక్క రాసే కాలమ్ ఆ స్క్రీన్ మీద లేదు.

మొన్న మా మామూని ఖాలా ఇంటికి తీసుకుపోయాను. డెబ్భై దాటాయి, మోకాళ్లు పనిచేయవు. కాగితాలన్నీ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. మాఫీ పిటిషన్‌లో ఏం రాయాలో, కొడుకు సిమ్ ఆగిపోయినట్టు ఏ కాగితం తేవాలో, ఫైలు మారిన ఖబర్ వకీలు దఫ్తర్ నుంచి రాలేదని ఎట్లా అఫిడవిట్ ఇవ్వాలో వరసగా చెప్పాడు. ఖాలా అన్నీ విని చివరికి అడిగింది, "భాయ్‌సాబ్, మీరు రిటైర్ కాకుంటే నా ఇల్లు నిలిచేదా?"

మామూ జవాబు చెప్పలేదు. వచ్చే వాయిదా తారీఖు తన పాత డైరీలో రాసుకున్నాడు. నేను కూడా నా ఫోన్‌లో పెట్టుకున్నాను. ఇద్దరిలో ఒకరికైనా గుర్తుంటుంది.

మీ ఇంట్లో, మీ గల్లీలో కోర్టు కేసు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రోజే ఒక పని చేయండి. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. వకీల్ సాబ్‌ను అడిగి రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూడండి. రికార్డులో ఎవరి ఫోన్ నంబరు ఉందో కనుక్కోండి. చదవడం రాని ఇంటికి మీరే పోయి చెప్పి రండి. సర్కారు మున్షీని ఇచ్చేదాకా మనమే మున్షీలం.

ఖుదా హాఫిజ్.